సముద్రం మీద ఏనుగు

జమీందారీల కాలంలో దివాణం ముంగిట ఏనుగు ఉండటం ఒక హోదా. పండుగనాడు అంబారీ కట్టి ఊరేగిస్తే చూడటానికి పదూళ్ళ జనం వచ్చేవారు. కాని వానలు లేక శిస్తు రాని సంవత్సరంలో దివాన్జీకి మొట్టమొదట కంటబడేది ఆ ఏనుగు మేత పద్దే. ఏనుగు లేకపోతే దివాణానికి పరువు లేదు. ఉంటే దివాన్జీకి నిద్ర లేదు. సరిగ్గా ఇటువంటి చిక్కే ఈనాడు మన దేశానికి వచ్చిపడింది. తేడా అల్లా ఏమిటంటే, ఈ ఏనుగు నేల మీద నడిచేది కాదు, నీటి మీద తేలేది. దాని పేరు విమానవాహక నౌక.

మన నౌకాదళానికి ఇటువంటి ఓడలు ప్రస్తుతం రెండున్నాయి: విక్రమాదిత్య, విక్రాంత్. మూడవది కావాలని నౌకాదళంవారు చాలా ఏళ్ళుగా అడుగుతున్నారు. ఉన్న డబ్బు ఉన్నవాటికే చాలటం లేదు, మూడో ఏనుగు ఎందుకని అడిగేవారూ ఉన్నారు. వారందరూ ఏమీ తెలియనివారనుకుంటే పొరపాటే. వారిలో పెద్ద సేనానులు కూడా ఉన్నారు.

సముద్రపు గాలి సోకని జైపూరులో కూర్చుని తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి ఈ ప్రశ్న ఎందుకని చదువరులు అడగవచ్చు. కారణాలు రెండున్నాయి. మా చుట్టుపక్కల శ్రీరాంపూర్, రామగుండం, గోదావరిఖని—ఎక్కడ చూసినా బొగ్గే. మా ఇళ్ళలో పొయ్యి వెలిగేది బొగ్గు జీతాలతోనే. అటువంటి బొగ్గు గల ఈ దేశమే ఏటా 20 కోట్ల టన్నులకు పైగా బొగ్గును ఇండొనీషియా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా వంటి దేశాల నుంచి ఓడల మీద తెప్పించుకుంటున్నది. కృష్ణపట్నంలో, గంగవరంలో, విశాఖపట్నంలో ఆ ఓడలు దిగుతూనే ఉంటాయి. బొగ్గే కాదు, పరదేశాలతో మనం చేసే వర్తకంలో బరువు లెక్కన 95 శాతం సముద్రం మీదనే సాగుతుంది. కాబట్టి సముద్రానికి దూరంగా ఉన్నామన్న మాటేగాని, దానితో మనకు సంబంధం లేదనడం కుదరదు.

రెండో కారణం మరీ సులభమైనది. ఈ ఓడకయ్యే ప్రతి రూపాయీ మనం కట్టే పన్నుల్లోదే. ఇంట్లో ఒక ఖరీదైన వస్తువు కొనేముందు ఇంటి పెద్ద నలుగురినీ కూర్చోబెట్టి మాట్లాడతాడు గదా! మనమూ ఆ నలుగురిలో వాళ్ళమే.

ఓడ కాదు, ఊరు

ముందు ఈ ఓడ ఎట్లాంటిదో చూద్దాం. కొచ్చిన్ షిప్‌యార్డులో తయారై 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విక్రాంత్ పొడవు 262 మీటర్లు, వెడల్పు 62 మీటర్లు. బరువు 45 వేల టన్నుల దాకా ఉంటుంది. లోపల సుమారు 2,300 గదులు. ఉండేవారు దాదాపు 1,600 మంది. వంటశాలలు, ఆసుపత్రి, మరమ్మతు షాపులు అన్నీ అందులోనే. ఓడ అవసరాలకు 24 మెగావాట్ల విద్యుత్తు అక్కడే పుడుతుంది. ఒక్కమాటలో చెప్పాలంటే అది ఓడ కాదు, కదిలే ఊరు.

ఆ ఊరికి నడినెత్తిన విమానాశ్రయం ఉన్నది. అయితే నేల మీది విమానాశ్రయానికి కిలోమీటర్ల పొడవున రన్‌వే ఉంటుంది; ఇక్కడ అంత చోటు ఎక్కడిది? అందుకని ఓడ ముందుభాగాన్ని పైకి వంచి కట్టారు. విమానం పరుగెత్తుకొచ్చి ఆ వంపు మీదుగా గాలిలోకి లేస్తుంది. దిగేటప్పటి సంగతి ఇంకా విచిత్రం. డెక్కుకు అడ్డంగా ఉక్కు తాళ్ళు కట్టి ఉంచుతారు. విమానం తోక కింది కొక్కెం ఆ తాడును అందుకోవాలి. గంటకు 240 కిలోమీటర్ల వేగంతో వచ్చిన విమానం రెండున్నర సెకండ్లలో ఆగిపోతుంది. తాడు అందకపోతే పైలట్ మళ్ళీ గాలిలోకి లేచి ఇంకోసారి ప్రయత్నించవలసిందే. కింద ఓడ ఊగుతూ ఉంటుంది, చుట్టూ చీకటి. ఆ పని చేయగల పైలట్లు ఏ దేశంలోనైనా కొద్దిమందే ఉంటారు.

మన తెలుగువారు గర్వించదగిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. యుద్ధనౌకలకు మామూలు ఉక్కు పనికిరాదు. తగిన ఉక్కు బయటి నుంచి సకాలంలో దొరకని పరిస్థితిలో దాని పాకాన్ని కనిపెట్టింది హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల. ఆ పాకం ప్రకారం ప్రభుత్వరంగపు ఉక్కు కర్మాగారాలు పలకలు పోత పోసి ఇచ్చాయి. విక్రాంత్ పుట్టింది కేరళలో అయినా, దాని ఒంట్లోని ఉక్కుకు పుట్టిల్లు హైదరాబాదు.

విశాఖ ముంగిట జరిగిన కథ

ఈ ఓడ వల్ల ప్రయోజనమేమిటన్న ప్రశ్నకు తెలుగుదేశంలోనే ఒక సమాధానం ఉన్నది. 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమా చూసినవారికి కొంత తెలిసే ఉంటుంది. సినిమా కల్పన సినిమాదే. జరిగిన కథ కూడా అంతకు తీసిపోదు.

అప్పటి విక్రాంత్ వేరు. దానిని రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులో మొదలుపెట్టి సగంలో ఆపివేశారు. 1957లో మనం కొని, బెల్‌ఫాస్టులో పూర్తి చేయించుకున్నాం. 1961 మార్చి 4న అది మన నౌకాదళంలో చేరింది. అప్పుడే పుట్టిన ప్రజాప్రభుత్వం, తిండిగింజలు బయటి నుంచి తెచ్చుకుంటున్న దేశం—మనకెందుకీ డాబు అని ఆనాడూ అడగదగినదే.

పదేళ్ళు గడిచి 1971 వచ్చేసరికి ఆ ఓడ కుంటుతున్నది. నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగులు పట్టింది. పూర్తి వేగంతో పోలేదు. అయినా దాన్ని బంగాళాఖాతానికి పంపారు. తూర్పు నౌకాదళానికి అధిపతిగా విశాఖపట్నంలో ఉన్న వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్‌కు ఒక సంగతి తెలుసు. పాకిస్తాను వద్ద ఇంత దూరం రాగల జలాంతర్గామి ఒక్కటే ఉన్నది. దాని పేరు ఘాజీ. అమెరికా దగ్గర అద్దెకు తెచ్చుకున్నది. అది విక్రాంత్ కోసం వచ్చి తీరుతుంది. నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరి వచ్చింది కూడా.

కృష్ణన్‌గారు ఒక నాటకం ఆడారు. విక్రాంత్‌ను ఎక్కడో అండమాన్ దీవులలో దాచారు. రాజ్‌పుత్ అనే ముసలి డిస్ట్రాయరును పిలిచి, నువ్వే విక్రాంత్‌వన్నారు. ఆ చిన్న ఓడ విశాఖ దగ్గర సముద్రంలో తిరుగుతూ పెద్ద ఓడ పంపేటన్ని వైర్‌లెస్ వార్తలు పంపడం మొదలుపెట్టింది. విశాఖలో కంట్రాక్టర్ల దగ్గర మాంసం, కూరగాయలు పెద్దఎత్తున కావాలని చెప్పారు. అంత తిండి ఏ ఓడకో వినేవాళ్ళు ఊహించుకోవాలని! అన్నిటికన్నా ముచ్చటైన ఎత్తు మరొకటి. విక్రాంత్‌లోని నావికుడొకడు జబ్బుగా ఉన్న తల్లి కులాసా అడుగుతున్నట్లు ఒక మామూలు తంతిని, ఎవరైనా చదవగలిగేటట్లు, కావాలనే పంపించారు. వేగువాళ్ళు నమ్మడానికి తల్లి ప్రేమను మించిన సాక్ష్యం ఏముంది?

ఘాజీ నమ్మింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట పెద్ద పేలుడు జరిగింది. జాలరులకు తేలుతూ ఒక లైఫ్ జాకెట్టు దొరికింది. తరువాత గజఈతగాళ్ళు దిగి చూస్తే నీటి అడుగున ఘాజీ పడి ఉన్నది. అందులో ఉన్న తొంభైమందికి పైగా జలసమాధి అయ్యారు. కెప్టెన్ జాఫర్ మహమ్మద్ ఖాన్ కూడా. లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నడిపిన రాజ్‌పుత్ విసిరిన పేలుడు గుండ్ల వల్ల మునిగిందని మనవాళ్ళంటారు. తన మందుపాతరలే తనలో పేలాయని పాకిస్తాను వారంటారు. ఏమైనా, విశాఖ బీచిరోడ్డు మీద ఆనాటి విజయానికి గుర్తుగా కట్టిన స్మారకచిహ్నం దగ్గర నిలబడినప్పుడు, శత్రువులైనా ఆ తొంభైమందికీ తల్లులున్నారు గదా అన్న ఆలోచన రాకమానదు.

ఘాజీ పోయిన మర్నాడే, అంటే డిసెంబరు 4న, దాగి ఉన్న విక్రాంత్ నుంచి సీహాక్ విమానాలు లేచి కాక్స్‌బజారు మీద, చిట్టగాంగు మీద దాడి చేశాయి. ఆ తరువాత ఖుల్నా, మంగళా రేవులను కూడా కొట్టాయి. తూర్పు పాకిస్తానులోని సేనకు సముద్రం మీదుగా సహాయం రావడానికీ లేదు, పారిపోవడానికీ లేదు. డిసెంబరు 16న ఢాకాలో వారు లొంగిపోయారు. బాయిలరు పగిలిన కుంటి ఏనుగు ఒక సముద్రాన్ని మూసివేసింది.

మడుగులో మొసలి

ఇంతవరకు విని, ఇంకేం, మూడోది కూడా కొనవలసిందే అని తీర్మానించుకోవద్దు. ఇదే కథను రెండోవైపు నుంచి కూడా చదవాలి.

మా జైపూరు మండలంలో శివ్వారం దగ్గర గోదావరి మడుగు ఒకటున్నది. అందులో మొసళ్ళు ఉంటాయి. వాటికోసం దానిని అభయారణ్యం చేశారు. గట్టు మీద నుంచి చూస్తే నీళ్ళు నిశ్చలంగా ఉంటాయి; మొసలి ఎక్కడున్నదో చెప్పలేరు. అక్కడికి వెళ్ళినప్పుడల్లా తెలుగు మేష్టరు గనుక నాకు గజేంద్రమోక్షమే జ్ఞాపకం వస్తుంది. గజేంద్రుడికి బలం తక్కువా? మందకు మంద అతని వెంట ఉన్నది. కాని నీటి అడుగున ఉన్నవాడిని అతను చూడలేదు. అతన్ని మాత్రం అడుగున ఉన్నవాడు చూశాడు.

జలాంతర్గామి అటువంటి మొసలి. 1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ దగ్గర మన ఖుక్రీ అనే యుద్ధనౌకను హంగోర్ అనే పాకిస్తానీ జలాంతర్గామి టార్పెడోతో ముంచివేసింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన ఓడతోపాటే వెళ్ళిపోయారు. ఆ యుద్ధంలోనే కరాచీ మీద దాడి చేసి మంటలు రేపినవి ఏనుగులు కావు. నిర్ఘాత్, నిపాత్, వీర్ అనే మూడు చిన్న క్షిపణి పడవలు. కందిరీగలవంటివి. డిసెంబరు 4న మనం జరుపుకునే నౌకాదళ దినోత్సవం ఆ కందిరీగల విజయానికి గుర్తే.

1982లో ఫాక్లండు దీవుల కోసం అర్జెంటీనా, బ్రిటన్ యుద్ధం చేసినప్పుడు బ్రిటిష్ జలాంతర్గామి ఒకటి జనరల్ బెల్‌గ్రానో అనే క్రూయిజరును ముంచింది. 323 మంది చనిపోయారు. దానితో అర్జెంటీనా తన విమానవాహక నౌకను తీరం వద్దకు తీసుకుపోయి, యుద్ధమయ్యేవరకు బయటకు తీయలేదు. 2022 ఏప్రిల్‌లో రష్యావారి మాస్క్వా అనే 12 వేల టన్నుల యుద్ధనౌకను ఉక్రెయిన్ వారు తీరం మీది నుంచి వేసిన రెండు క్షిపణులతో ముంచారు. ఓడ ఎంత పెద్దదైతే గురి అంత సులువు.

2020లో అప్పటి త్రివిధ దళాధిపతి, దివంగత జనరల్ బిపిన్ రావత్ ఈ వాదమే వినిపించారు. జలాంతర్గాములు తరిగిపోతున్నాయి గనుక ముందు వాటి సంగతి చూడాలన్నది ఆయన అభిప్రాయం. ఆ మాటలో నిజం లేకపోలేదు. 1999లో వేసిన ముప్పై ఏళ్ళ ప్రణాళిక 2030 నాటికి 24 కొత్త జలాంతర్గాములు కావాలన్నది. ఆ తరువాత చేరిన కల్వరి తరగతివి ఆరు. ఆరోది 2025 జనవరిలో వచ్చింది. తీరం పొడవునా మనకు వైమానిక స్థావరాలున్నాయి. అండమాన్ నికోబార్ దీవులలోనూ ఉన్నాయి. దీవి మునగదు గదా, అక్కడి నుంచే విమానాలు పంపవచ్చు గదా అని మరికొందరి వాదం.

దీనికి అదే ఏడాది నౌకాదళాధిపతి అడ్మిరల్ కరంబీర్ సింగ్ ఇచ్చిన సమాధానం కూడా వినదగినదే. ఎదగదలచిన దేశం తన ఒడ్డుకు కట్టివేసిన పడవలా ఉండలేదని ఆయన మాట తాత్పర్యం. దీవి మునగదు, నిజమే; కాని కదలదు కూడా. అది ఎక్కడున్నదో శత్రువుకు పటం చూస్తే తెలుస్తుంది. ఓడ ఈ పూట ఒకచోట, రేపటికి వందల కిలోమీటర్ల అవతల ఉంటుంది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో విక్రాంత్, దాని తోడు నౌకలు అరేబియా సముద్రంలో ముందుకు వెళ్ళి నిలిచినందువల్ల పాకిస్తాను నౌకాదళం తన రేవులు దాటి రాలేదని మన నౌకాదళం చెప్పింది.

ఫాక్లండు యుద్ధంలో కూడా ఏనుగు ఓడిందని, మొసలి గెలిచిందని చెప్పడం సగం నిజమే. బ్రిటిష్‌వారికి రెండూ ఉన్నాయి. వారి సేనకు నాయకత్వం వహించిన హెర్మిస్ అనే విమానవాహక నౌకే తరువాత మనం కొన్న విరాట్. మొసలి రెండోవాడిని మడుగులోకి రానివ్వదు. కాని గట్టెక్కి ఊరికి కాపలా కాయలేదు. ఎవరి పని వారిది.

మేత లెక్క

కావాలా, వద్దా అన్న వాదం ఇట్లా తెగేది కాదు. అందుకని మన దివాన్జీ చేసిన పనే మనమూ చేద్దాం. మేత పద్దు తీద్దాం.

విక్రమాదిత్య కథ మొదట చెప్పాలి. అది రష్యావారి పాత ఓడ. ఓడ ఊరికే ఇస్తాం, బాగుచేయడానికి మాత్రం డబ్బివ్వండి అన్నారు. 2004లో కుదిరిన బేరం 97 కోట్ల 40 లక్షల డాలర్లు. ఓడను విప్పిచూసేకొద్దీ పని పెరిగింది. చివరకు తేలిన ఖరీదు 235 కోట్ల డాలర్లు. 2008లో రావలసిన ఓడ 2013 నవంబరులో చేతికి వచ్చింది. మధ్యలో 2012లో జరిగిన పరీక్షలలో ఎనిమిది బాయిలర్లలో ఏడు మొరాయించాయి. ‘ఊరికే’ అన్న మాటకు ఎంత ఖరీదుంటుందో, పెళ్ళిళ్ళలో కట్నం వద్దన్న వియ్యంకుల లాంఛనాలు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఓడ వచ్చింది, దాని మీదికి 45 మిగ్-29కె విమానాలు కొన్నాం. 2016లో కాగ్ నివేదిక చూస్తే, వాటిలో ఒంటి సీటు విమానాలు ఎగరడానికి సిద్ధంగా ఉన్నది 16 నుంచి 38 శాతం మాత్రమే. అంటే అయిదింటిలో మూడో నాలుగో షెడ్డులోనే ఉన్నాయన్నమాట.

కొత్త విక్రాంత్‌కు అయిన ఖర్చు సుమారు 20 వేల కోట్ల రూపాయలు. నౌకాదళంలో చేరిననాటికి దాని మీద యుద్ధవిమానం ఇంకా దిగలేదు. మొదటిది దిగింది 2023 ఫిబ్రవరిలో. ఇప్పుడు దాని కోసం ఫ్రాన్సు నుంచి 26 రఫేల్ విమానాలు కొంటున్నాం. 2025 ఏప్రిల్‌లో సంతకాలైన ఆ ఒప్పందం విలువ, ఆయుధాలు, శిక్షణ వగైరాలతో కలిపి, దాదాపు 63 వేల కోట్ల రూపాయలు. చదువరులు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఓడకు 20 వేలు, దాని మీద ఎగిరే 26 విమానాలకు 63 వేలు! ఏనుగు ఖరీదుకు మూడింతలైంది అంబారీ.

అంతటితో అయిందా? ఏనుగు ఒంటరిగా బయటకు వెళ్ళకూడదు. చుట్టూ డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు, అడుగున ఒక జలాంతర్గామి, వెనుక నూనె, తిండి మోసే ఓడ తోడుగా ఉండాలి. గజేంద్రుడు మొరపెట్టుకుంటే వైకుంఠం నుంచి విష్ణుమూర్తి వచ్చాడు. మన ఓడకు ఆ ఆశ లేదు, తన రక్షణ తన వెంట ఉండవలసిందే. తిండి మోసే ఓడలు అయిదింటిని కట్టే పని విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డుకు 2023 ఆగస్టులో అప్పగించారు. ఒక్కొక్కటి 44 వేల టన్నులది. అయిదింటికి కలిపి 19 వేల కోట్లు.

ఇక ఖజానా సంగతి. 2025-26 బడ్జెట్టులో రక్షణకు కేటాయించింది 6 లక్షల 81 వేల కోట్లు. వినడానికి కొండంత. అందులో పింఛన్లకే 1 లక్షా 61 వేల కోట్లు పోతుంది. జీతాలు, తిండి, నూనె, మరమ్మతులు పోగా, మూడు దళాలకూ కలిపి కొత్త ఆయుధాలు, ఓడలు, విమానాలు కొనుక్కోవడానికి మిగిలేది 1 లక్షా 80 వేల కోట్లు. ఈ ముద్దలోనే జలాంతర్గామీ తినాలి, ఓడా తినాలి, హిమాలయాల్లో మంచులో నిలబడ్డ సిపాయీ తినాలి.

మేత లెక్క చూసుకోకుండా ఏనుగును కట్టేసుకున్నవారి గతి చూడండి. థాయిలాండువారు 1997లో చక్రి నరుబెత్ అనే చిన్న విమానవాహక నౌకను స్పెయిన్‌లో కట్టించుకున్నారు. ఆ ఏడే వారి దేశంలో ఆర్థిక సంక్షోభం వచ్చింది. ఓడ ఎక్కువ కాలం రేవులోనే గడిపింది. 2006లో దాని మీది జెట్ విమానాలను కూడా విరమించుకున్నారు. ఇప్పుడు దాని మీద హెలికాప్టర్లు దిగుతాయి. బ్రెజిల్‌వారు 2000లో ఫ్రాన్సు నుంచి పాత ఓడ కొన్నారు. అది బాగుపడనూ లేదు, పనికిరానూ లేదు. చివరకు ఆస్‌బెస్టాస్ భయంతో దాన్ని విడగొట్టడానికి రానిచ్చేవారు లేక, 2023 ఫిబ్రవరిలో అట్లాంటిక్ సముద్రంలో తామే ముంచివేశారు.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. ఓడల విషయంలో ఆ సామెత తిరగబడింది. పాత విక్రాంత్‌ను బొంబాయిలో మ్యూజియం చేశారు. 2012లో అదీ మూతపడి, తరువాత ఓడను తుక్కుకు అమ్మారు. 2017లో పదవీ విరమణ చేసిన విరాట్‌ను విశాఖలో నిలుపుదామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముచ్చటపడింది. ఖర్చు లెక్క తేలక అది ముందుకు సాగలేదు. 2020లో విరాట్ గుజరాత్‌లోని అలంగ్ ఒడ్డున తుక్కుగా మారడానికి వెళ్ళిపోయింది. విశాఖ బీచిలో 2002 నుంచి మ్యూజియంగా నిలిచి ఉన్నది కుర్సుర అనే జలాంతర్గామి. చనిపోయాక కూడా మొసలిని పోషించడమే తేలిక.

ఒకటి మరమ్మతులో ఉంటే

మరి మూడోది వద్దనేనా? ఇక్కడే అందరూ పొరబడే సంగతి ఒకటున్నది. దాన్ని మా జైపూరు విద్యుత్కేంద్రం ఉదాహరణతో చెబుతాను.

పెగడపల్లి దగ్గర సింగరేణివారి థర్మల్ కేంద్రంలో 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. 2016 నుంచి నడుస్తున్నాయి. పేరుకు 1,200 మెగావాట్లు. కాని ఏ బాయిలరూ ఏడాది పొడవునా ఆగకుండా మండదు. ఒక యూనిట్ ఓవర్‌హాలుకు ఆగినన్నాళ్ళు రెండోదే దిక్కు. అప్పుడు రెండోదానికి ఏదైనా జబ్బు చేస్తే అంతే సంగతులు. ఈ లెక్క మా ఊళ్ళో టీకొట్టు దగ్గర కూర్చునేవాళ్ళకు కూడా తెలుసు.

ఓడలదీ అదే పద్ధతి. ఒకటి పని చేస్తుంటే ఒకటి డ్రై డాకులో ఉంటుంది. 1965 యుద్ధం వచ్చినప్పుడు మనకు ఉన్న ఒక్క విక్రాంత్ బొంబాయిలో మరమ్మతులో ఉన్నది. పాకిస్తాను ఓడలు వచ్చి ద్వారక మీద గుండ్లు వేసి వెళ్ళాయి. ఫ్రాన్సువారికి ఉన్నది ఒకే ఒక్క విమానవాహక నౌక. అది 2017, 18లలో సుమారు ఏడాదిన్నర మరమ్మతులో ఉంటే వారికి అంతకాలం ఏదీ లేదు. తూర్పున ఒకటి, పడమర ఒకటి ఎప్పుడూ ఉండాలంటే మూడు కావాలన్నది నౌకాదళంవారి లెక్క.

అయితే ‘మూడవది’ అన్న మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తున్నదని నా అభిప్రాయం. విక్రాంత్‌కు 2009లో అడుగు పలక వేశారు. నౌకాదళంలో చేరేసరికి 13 ఏళ్ళు పట్టింది. ఈ 2026లో ఇంకొకటి మొదలుపెట్టినా, అదే నడకన పోతే చేతికి వచ్చేది 2039లో. విక్రమాదిత్య రష్యావారి దగ్గర పనిలో చేరింది 1987లో. 2039 నాటికి దానికి 52 ఏళ్ళు నిండుతాయి. అంటే కొత్త ఓడ వచ్చేనాటికి పాత ఓడ పింఛను కాగితాల మీద సంతకం పెడుతూ ఉంటుంది. కాబట్టి అసలు ప్రశ్న ‘రెండా, మూడా?’ అన్నది కాదు. ‘అప్పటికి రెండా, ఒకటా?’ అన్నది. ఆ ఒకటి మరమ్మతులో ఉన్న రోజున, సున్నయా? చైనా ఈలోగా 2012లో ఒకటి, 2019లో ఒకటి, 2025లో ఒకటి, మూడు ఓడలను పనిలో పెట్టింది.

చేతిపని మరిచిపోతే

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పనితనం బీరువాలో దాచుకునే వస్తువు కాదు. 1990 ప్రాంతాలలో బొంబాయిలోని మజగాం డాకువారు జర్మన్ల సహాయంతో రెండు జలాంతర్గాములు కట్టారు. 1994లో రెండోది పూర్తయింది. కొనుగోలు మీద వచ్చిన ఆరోపణల గొడవలో ఆ పని అంతటితో ఆగిపోయింది. నేర్చుకున్నవారు రిటైరయ్యారు. తరువాత కల్వరి తరగతి పని వచ్చేనాటికి మళ్ళీ ఓనమాలే. ఈనాడు జలాంతర్గాములు చాలటం లేదని వాపోతున్నామంటే దాని మూలం అక్కడ కూడా ఉన్నది.

కొచ్చిలో ఇప్పుడు విమానవాహక నౌక కట్టడం తెలిసిన వెల్డర్లు, ఇంజనీర్లు ఉన్నారు. విశాఖలో అణుశక్తితో నడిచే జలాంతర్గాములు కట్టడం తెలిసినవారున్నారు. 2016లో అరిహంత్, 2024 ఆగస్టులో అరిఘాత్ వారి చేతుల మీదుగానే నౌకాదళంలో చేరాయి. ఈ రెండు చేతుల్లో దేనిని ఖాళీగా కూర్చోబెట్టినా పదేళ్ళకు మళ్ళీ మొదటి పాఠమే.

వరుస ముఖ్యం

ఇంతకూ నేను చెప్పవచ్చేదేమిటంటే, ఏనుగు కావాలి. కాని వరుస తప్పకూడదు. మొట్టమొదట, ఉన్న రెండు ఓడల మీద విమానాలు నిండుగా ఉండాలి. విమానాలు లేని వాహకనౌక నీటి మీద తేలే బల్లపరుపు మైదానం మాత్రమే. రెండవది, జలాంతర్గాముల పని ఒక్కరోజు కూడా ఆగకూడదు. శత్రువు మొసలిని తరమడానికి మన మొసలే కావాలి. మూడవది, కొత్త ఓడను ఇంకా పెద్దది, ఇంకా వింతైనది అని ఊహల్లో పెంచుకుంటూ పోకుండా, చేయి తిరిగిన విక్రాంత్ నమూనాలోనే, చేయి మరిచిపోకముందే మొదలుపెట్టాలి. 65 వేల టన్నుల ఓడ గురించి ఏళ్ళతరబడి మాట్లాడటం కన్న, 45 వేల టన్నుల ఓడకు పలక కోయడం మేలు. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. మొదటి ఇల్లు కట్టినవాడికి రెండో ఇంట్లో తప్పులూ తక్కువ, ఖర్చూ తక్కువ.

నాలుగవది మనబోటి పన్ను కట్టేవారు అడగవలసినది. పార్లమెంటు ముందు ఓడ ధర పెట్టినప్పుడు ఒక్క ఓడ ధరే పెట్టకూడదు. దాని మీది విమానాలు, తోడు నౌకలు, రేవు, ముప్పై ఏళ్ళ మరమ్మతులు—అన్నీ ఒకే కాగితం మీద కూడి, కింద మొత్తం వేసి చూపాలి. ఆ మొత్తం భరించగలమంటే సంతోషంగా భరిద్దాం. భరించలేమంటే ఆ సంగతి ఓడ నీళ్ళలోకి దిగకముందే తెలియాలి.

ఎందుకంటే ఆ ఓడ మీద పనిచేసే 1,600 మంది మన పిల్లలే. గనిలోకి దిగే కార్మికుడికి పైకప్పు సరిగా నిలబెట్టి ఇవ్వడం ఎంత బాధ్యతో, సముద్రంలోకి పంపిన కుర్రవాడికి తలమీద విమానమూ, పక్కన తోడూ ఇచ్చి పంపడం అంతే బాధ్యత. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడితే పోయేది ఏనుగు ఒక్కటే కాదు, మావటివాడు కూడా.